పైకి చెప్పిన వరం

నాంచారమ్మని మీరు చూసే ఉంటారు. పట్నంలో రైలు గేటు దాటి ఎడం పక్కకి తిరిగితే ఎండుచేపల సందు. ఆ సందు మొదట్లో గోనెపట్టా పరుచుకుని, ముక్కుకి రెండు పక్కలా పుడకలు, బుగ్గన ఎప్పుడూ వక్కపలుకు, కూర్చుని ఉంటది చూడండి, ఆమే. మధ్యలో అయిదేళ్ళు పదిహేడో వార్డుకి కౌన్సిలరు చేసింది. చేసింది అంటే, అప్పుడు కూడా ఆడే కూర్చునేదనుకో. కాకపోతే అర్జీలు ఇచ్చేవాళ్ళ కోసం బుట్ట పక్కన ఒక కుర్చీ వేశారు. ఎవరూ రానప్పుడు దాంట్లో పిల్లి పడుకునేది. ఆ ఏడు ఆ వార్డు ఆడవాళ్ళకి వచ్చిందంట. పెద్దోళ్ళు ఇద్దరు వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళని నిలబెడదామని చూస్తుంటే, సందులో బుట్టలు పెట్టుకునే నలభై మందీ "మన మురిక్కాలవ కంపు మనకి తెలుసు గానీ వాళ్ళకేం తెలుసే" అని ఈమెని ముందుకు తోశారు. గుర్తు నిచ్చెన. గుర్తు కాయితం మీద ఉంటే ఎవరు చూస్తారని, సున్నాలు కొట్టేవాళ్ళ దగ్గర నిజం నిచ్చెన అడిగి తెచ్చుకుని, మొగుడు బసవయ్య ఒక కొస, తనొక కొస పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఒకావిడ నిచ్చెనని చూసి, "ఓటు సంగతి తర్వాత, ముందు మా అటక మీద ఇత్తడి బిందె దించి పెట్టు తల్లీ" అన్నదంట. దించింది. అట్టా ఎన్ని అటకలు ఎక్కి ఏమేం దించిందో గానీ, పన్నెండు ఓట్లతో గెలిచింది.

గెలిచి మునిసిపాలిటీ హాలుకి పోతే, గడప దగ్గర చెప్పులు విడిచి, గడపకి దణ్ణం పెట్టుకుని లోపలికి పోయేది. అందరూ నవ్వేవాళ్ళు. "ఇది గుడి కాదమ్మా" అన్నాడంట ఒకాయన. "ఏమో బాబూ, ఇంతమంది బతుకులు ఈడ రాస్తన్నారు గదా" అన్నదంట. నాకు ఆ మాట బాగా పట్టుకుంది. అక్షరాలు నాకు మనవరాళ్ళు పుట్టాక వచ్చినయ్, నేను కూడా మొదట్లో పలక ముట్టుకునే ముందు కళ్ళకి అద్దుకునేదాన్ని. సరే, కథలోకి వద్దాం. ఆ హాల్లో ముప్పై ఒక్క మంది. చైర్మన్‌తో కలిపి పదిహేను మంది ఒక పక్క, ఆయనంటే గిట్టనివాళ్ళు పదిహేను మంది ఇంకో పక్క, నడిమధ్యన మన నాంచారమ్మ. కాటాకి రెండు పక్కలా సమానంగా ఉంటే మధ్యలో ముల్లు ఎట్టా ఉంటది, అట్టా అనుకో.

ఆ చైర్మన్ దశరథరామయ్య గారు చెడ్డోడేం కాదు పాపం, అబద్ధం చెప్పకూడదు. రోడ్లు వేయించాడు, శ్మశానానికి గోడ కట్టించాడు. ఆయనకి ఒకటే పిచ్చి, పట్నం అద్దంలాగా మెరవాలని. అద్దంలో ఎండుచేపలు ఏం బాగుంటయ్? అందుకని ఆ సందుని ఎత్తేసి, బైపాసు అవతల పాత ఇటుకబట్టీల దగ్గర పెట్టాలని, ఈ చోట కార్లు నిలుపుకునే జాగా చెయ్యాలని ఒక తీర్మానం రాయించాడు. మీరే చెప్పండి, ఎండుచేపలు కొనేదెవరు? పొద్దంతా కూలి చేసుకుని ఇంటికి పోతా పోతా గుప్పెడు కట్టించుకునేవాళ్ళు. వాళ్ళు పని మాని బైపాసు దాకా పోతారా? ఆడ బస్సు కూడా ఆగదు. సందు పోతే నలభై పొయ్యిలు ఆరిపోయినట్టే. ఆ నలభైలో అందరికన్నా పెద్దది మస్తాన్‌బీ. వాళ్ళమ్మ కూర్చున్న చోటే కూర్చుంటది. మోకాళ్ళు వంగవు. పొద్దున కొడుకు ఎత్తి కూర్చోబెడితే మళ్ళీ సాయంత్రం ఎత్తాల్సిందే. "నన్ను బైపాసుకి పంపితే దారిలోనే ఖబరస్తాను ఉందిలే, ఆడ దింపి పొండి" అని నవ్వేది. నవ్వేదే గానీ, కళ్ళు నవ్వేవి కావు.

ఆ తీర్మానానికి ఎవరు చెయ్యెత్తుతారు, ఎవరు ఎత్తరు అనేది లెక్క. నాంచారమ్మ వద్దని చెయ్యెత్తితే పదహారు, సందు నిలబడుద్ది. ఇంట్లో కూర్చుంటే కూడా కుదరదు, ఎందుకంటే సరిసమానం అయితే చైర్మన్ ఇంకో ఓటు వేసుకోవచ్చంట. కాబట్టి ఆయన ఏం చేశాడంటే, ముందు ఒక పట్టుచీర పంపాడు. నాంచారమ్మ దాన్ని మడత విప్పకుండా తిప్పి పంపింది. "మా ఆయన బతికుండగా ఇంకొకాయన పెట్టిన చీర నేనెందుకు కడతా" అన్నదంట. అప్పుడాయనకి ఆ గడప దణ్ణం గుర్తొచ్చింది. ఓహో, ఈమెకి మనుషులంటే భయం లేదు, ఉన్న భయమంతా దేవుడికే అనుకున్నాడు. ఇంటికి పోయి భార్య హైమవతమ్మతో, ఏమే, శ్రావణ శుక్రవారం నోముకి ఆ నాంచారమ్మని పిలువు, వాయనం ఇచ్చేటప్పుడు వరం అడుగుతారు గదా మీ ఆడవాళ్ళు, అప్పుడు ఇది అడుగు, నోటి మాటే గదా అన్నాడంట. హైమవతమ్మ తెల్లబోయింది. "అయిదోతనం అడుక్కునే చోట మోటారుకార్ల జాగా అడగమంటారేందండీ?" అన్నది. "నా పరువు నీ అయిదోతనం కాదా?" అన్నాడు ఆయన. మగాళ్ళకి ఇట్టాంటి మాటలు ఎవరు నేర్పుతారో! ఇంకేం అంటది? సరే అన్నది.

వాయనం సంగతి మీకు చెప్పాలా? ఈ కాలం పిల్లలకి చెప్పాలేమోలే. నోము నోచినావిడ శెనగలు, తాంబూలం, రవికె గుడ్డ పళ్ళెంలో పెట్టి, పైన కొంగు కప్పి, ఇంకో ముత్తైదువకి ఇస్తది. ఊరికే ఇవ్వదు. "ఇస్తినమ్మా వాయనం" అంటది. "పుచ్చుకుంటినమ్మా వాయనం" అని ఆమె అంటది. "నా చేతి వాయనం అందుకున్నదెవరు?" అంటే "నేనే లక్ష్మీదేవిని" అనాలి. చూడండి ఆ చిత్రం, ఎవత్తైనా సరే, కూలిదైనా సరే, ఆ క్షణాన లక్ష్మీదేవే. "అడిగితినమ్మా వరం" అంటే "ఇస్తినమ్మా వరం" అంటది. ముమ్మారు. అంతే.

పెద్దింటి నుంచి బొట్టు పెట్టి పిలుపొచ్చేసరికి నాంచారమ్మకి కాళ్ళు నేల మీద నిలవలా. నలభై అయిదేళ్ళొచ్చినయ్, ఒక్క పేరంటానికి ఒక్కరు పిలవలా ఆమెని. వాసనొస్తదని. ఆ శుక్రవారం సున్నిపిండి, నిమ్మచెక్క, కుంకుడుకాయ, ఇంట్లో ఏదుంటే అది పెట్టి తోముకుంది. బసవయ్య అరుగు మీద కూర్చుని, "ఇంక తోలు కూడా ఊడుద్దేమో చూసుకో, లోపల కూడా చేపే ఉంటది" అన్నాడంట. "నువ్వు నోరు మూసుకుని చుట్ట కాల్చుకో, ఇయ్యాల నేను లక్ష్మీదేవిని" అన్నది. పోయింది. ఆడ చాపల మీద కూర్చున్న పెద్దమ్మలు ఇంత ఇంత జరిగారు. జరిగితే జరిగారు గానీ, హైమవతమ్మ మాత్రం పసుపు గిన్నె పట్టుకుని తిన్నగా ఈమె ముందుకొచ్చి, వంగి, రెండు పాదాలూ పట్టుకుని పసుపు రాసింది. ఉప్పుకి పగిలి పగిలి ఉన్న పాదాలు! ఆ పగుళ్ళల్లోకి పసుపు పోతుంటే నాంచారమ్మకి మంట పుట్టిందో ఏడుపొచ్చిందో ఆమెకే తెలవదు. "మా అమ్మ పోయాక నా కాళ్ళు ముట్టుకున్న మనిషి ఆమే" అని నాతో చెప్పింది. తర్వాత వాయనం. ఇస్తినమ్మా, పుచ్చుకుంటినమ్మా, అన్నీ అయినయ్. అడిగితినమ్మా వరం అన్నది హైమవతమ్మ. ఇస్తినమ్మా వరం అని ముమ్మారు గొంతెత్తి అన్నది ఈమె. అప్పుడు హైమవతమ్మ తల దించుకుని, సన్నంగా, "వచ్చే వారం, శనివారం మీటింగులో మా వారి తీర్మానానికి మీరు చెయ్యెత్తాలమ్మా" అన్నది.

నాంచారమ్మ చేతిలో పళ్ళెం బరువెక్కింది. పళ్ళెం పట్టుకునే సందుకొచ్చింది, కప్పిన గుడ్డ తియ్యలా, ఒక్క శెనగ నోట వేసుకోలా. సంగతి విని సందంతా గొల్లుమంది. "ఓసినీ, దానికేందే! ఏదో నోటి మాట. పోయి చెయ్యెత్తమాక, ఎవరడుగుతారు?" అన్నది మస్తాన్‌బీ. "నేనన్న మాటైతే ఎప్పుడో తప్పుదును పెద్దమ్మా. రోజుకి పది తప్పుతా. సగానికి ఇస్తానన్న కట్టని మళ్ళీ ఇవ్వనంటా, నీకు తెలుసు గదా. కానీ అన్నది నేను కాదు. లక్ష్మీదేవి. నా నోట్లోంచి ఆమె అంటే, ఆమె మాట నేనెట్టా వెనక్కి తీసుకునేది?" అన్నది నాంచారమ్మ. చూశారా ఎక్కడ చిక్కుకుందో! ఇంకెవరైనా అయితే నవ్వి ఊరుకుందురు. బసవయ్య ఓదారుద్దామని, దేవుళ్ళు కూడా రాక్షసులకి వరాలిచ్చి తర్వాత తంటాలు పడ్డారు గదే, నీదేం లెక్క అన్నాడు. "వాళ్ళని ఒడ్డెక్కించడానికి విష్ణుమూర్తి ఉన్నాడు. నాకెవరున్నారు? నువ్వున్నావ్, ఆరిపోయిన చుట్ట ముట్టించుకోను కూడా నన్నే పిలుస్తావ్!" అన్నది.

పోనీ వాయనం పళ్ళెం తిప్పి ఇచ్చేసి రావే అన్నారు నలుగురు. దానికి చెంపలేసుకుంది. "వాయనం తిప్పి ఇస్తే ఇచ్చినామె పసుపు కుంకుమలకి చేటు. ఆమె నా కాళ్ళు పట్టుకుంది. ఆమె మొగుడికి ఏమన్నా అయితే?" "అయితే అవుద్ది, మనల్ని వెళ్ళగొట్టేది ఆయనే గదా!" అన్నదంట ఒకత్తె. నాంచారమ్మ దాని వంక ఒక చూపు చూసేసరికి అది బుట్ట సర్దుకోడంలో పడింది. రెండు రోజులు అన్నం సయించలా. ఎదురుగా మస్తాన్‌బీ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంటే ఆ కాళ్ళ వంకే చూసేది. ఆ ముసలమ్మ చూసి చూసి ఆదివారం నాడు అన్నది, "పిల్లా, మీ పూజలు నాకు తెలవవు గానీ, ఒకటి చెప్పు. పేరంటానికి పిలిచినోళ్ళని మీరు మళ్ళీ తిరిగి పిలవరా?" పిలుస్తాం అన్నది నాంచారమ్మ. "మరి మళ్ళీ శుక్రవారం ఉందిగా. నువ్వామెని పిలువు. అప్పుడు లక్ష్మీదేవి ఎవరవుతారు?" నాంచారమ్మ వక్క నమలడం ఆపింది. "ఆమే అవుద్ది." "అయితే నీ వరం నువ్వు అడుక్కో పో. ఆమె ముడేసింది, ఆమె చేత్తోనే విప్పించు." సందులో నవ్వులే నవ్వులు, రెండు రోజుల తర్వాత మొదటిసారి.

కుంకుమ భరిణె తీసుకుని తెల్లచొక్కాల గుమస్తాలు తిరిగే ఆ పెద్దింటికి నాంచారమ్మ తనే పోయింది. హైమవతమ్మకి బొట్టు పెట్టి, "శుక్రవారం మా సందులో మా ఇంటికి పేరంటానికి రావాలి తల్లీ" అన్నది. బొట్టు పెట్టి పిలిచాక రానన్న ముత్తైదువ ఎక్కడన్నా ఉందా? చైర్మన్ గారు ఆ మాట విని, పోనీలే, ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని పోయిరా, మాట అయితే మన చేతిలో ఉందిగా అన్నాడంట. ఆ శుక్రవారం పొద్దున నలభై మందీ బుట్టలు పెట్టలా. సందు ఈ చివర నుంచి ఆ చివరకి కడిగారు. కళ్ళాపి చల్లారు. ముగ్గులు పెట్టారు. ఎంత కడిగినా సందు సందే అనుకో, రెండు మూడు తరాల ఉప్పు ఆ రాళ్ళల్లో ఉంది, ఎక్కడికి పోద్ది? హైమవతమ్మ కారు గేటు దగ్గరే దిగి నడిచి వచ్చింది. ముక్కుకి గుడ్డ పెట్టుకోలా, అది మాత్రం చెప్పుకోవాలి. సందు మొదట్లో మస్తాన్‌బీ, "రండమ్మా రండి. లేచి నిలబడదామంటే కాళ్ళు వినవు, మర్యాద తప్పిందనుకోకండి. మమ్మల్ని ఇటుకబట్టీలకి పంపేది మీ వారే గదా? ఆయన్ని అడిగి చెప్పండి, ఆడ నన్ను ఎత్తి కూర్చోబెట్టను మా వాడు పని మానేసి రావాల్నా, లేక మునిసిపాలిటీ మనిషిని ఇస్తదా అని" అన్నది. కొరికినట్టు అనలా. నిజంగానే అడిగినట్టు అడిగింది. హైమవతమ్మ ఆ ముసలమ్మ కాళ్ళ వంక చూసి, "అడుగుతానమ్మా" అన్నదంట.

లోపల పీట మీద కూర్చోబెట్టి, నాంచారమ్మ ఆమె పాదాలకి పసుపు రాసింది. "మీ చేతులు గరుగ్గా ఉన్నాయి" అన్నది హైమవతమ్మ. "ఉప్పమ్మా, ఏం చెయ్యను" అన్నది నాంచారమ్మ. వాయనం పళ్ళెం ఎత్తింది. గుమ్మంలో, కిటికీలో, గోడ మీద, ఎక్కడ చూసినా సందు ఆడవాళ్ళే. ఇస్తినమ్మా వాయనం. పుచ్చుకుంటినమ్మా వాయనం. నా చేతి వాయనం అందుకున్నదెవరు? "నేనే లక్ష్మీదేవిని" అన్నది హైమవతమ్మ. అడిగితినమ్మా వరం. ఇస్తినమ్మా వరం. ముమ్మారు. ఇంక అడగాలి. నాంచారమ్మ నోరు తెరిచింది. తెరిచి, హైమవతమ్మ మొహం చూసింది. ఏం చూసిందో! నోరు మూసుకుంది, కళ్ళు మూసుకుంది, పెదాలు మాత్రం కదిలినయ్. ఒక్క మాట బయటికి రాలా. ఆడవాళ్ళ వెనక నుంచి చూస్తున్న బసవయ్య తల కొట్టుకున్నాడంట.

"ఏం అడిగారు నాంచారమ్మా?" అన్నది హైమవతమ్మ. "మనసులో అడిగా తల్లీ" అన్నది ఈమె. అడిగినావిడకి తెలుసు, ఇచ్చినావిడకి తెలవదు. హైమవతమ్మ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని అట్టానే కూర్చుంది. తన కాళ్ళ పసుపు చూసుకుంది, గుమ్మంలో ఆడవాళ్ళని చూసింది, బయట ముసలమ్మ దగ్గుతుంటే విన్నది. విని, మెల్లగా అన్నది, "అవును, వరమంటే మనసులోనే అడగాలి. మా అత్తగారు చెప్పేవారు, పైకి చెప్పిన వరం ఫలించదని. పోయిన శుక్రవారం ఆ మాట నాకు గుర్తే లేదు చూడండి. నేను పైకి చెప్పేశాను. అది చెల్లదమ్మా. మీరిచ్చినా చెల్లదు, నేను పుచ్చుకున్నా చెల్లదు." నాంచారమ్మకి మొదట అర్థం కాలా. అర్థమయ్యాక పీట ముందు కూలబడిపోయింది. "నిజంగానా తల్లీ? మీ అత్తగారు నిజంగా అన్నారా?" "అన్నారు" అన్నది హైమవతమ్మ. శెనగలు నాలుగు నోట వేసుకుని లేచింది.

శనివారం హాల్లో, తీర్మానం చదివి, అవునన్నవాళ్ళు చేతులెత్తండి అన్నారు. పదిహేను చేతులు లేచినయ్. చైర్మన్ గారు నవ్వుతా నాంచారమ్మ వంక చూశాడు. ఈమె చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నయ్. చూశాడు, చూశాడు, ఇంక ఉండబట్టలేక, "ఏమ్మా, మా ఇంట్లో వరమిచ్చావంట గదా!" అన్నాడు, అంతమందిలో. "ఇచ్చాను సార్. కానీ మీ ఆవిడ పైకి చెప్పారు" అన్నది నాంచారమ్మ. ఎవరికీ ఏమీ తెలవలా. మినిట్సు రాసే గుమస్తా కలం ఎత్తి, ఇది రాయాల్నా వద్దా అని ఇద్దరి వంకా చూశాడంట. తర్వాత, వద్దన్నవాళ్ళు చేతులెత్తండి అన్నారు. పదహారో చెయ్యి ఎత్తింది. ఆ అరిచేతిలో ఇంకా పసుపు ఉంది. సందు నిలబడింది. ఇప్పటికీ ఉంది, పోయి చూసుకోండి.

చైర్మన్ గారు ఇంటికి పోయి భార్యని ఏమన్నాడో నాకు తెలవదు. మొగుడూ పెళ్ళాం మధ్య నేనెందుకు? శ్రావణ మాసం పోయాక మాత్రం, ఒకరోజు భోజనానికి కూర్చుని, ఏమే, ఈ ఎండుచేపల పులుసు ఇంత బాగుందేంది, ఎక్కడివి అన్నాడంట. "మీరు ఎత్తేద్దామన్న సందులోవి" అన్నదంట హైమవతమ్మ. ఆయన ఇంకో గరిటె వేయించుకున్నాడు. తర్వాత మురిక్కాలవ మీద బండలు కూడా వేయించాడు, అదీ చెప్పాలి మరి.

ఇంతకీ ఆ రూలు, పైకి చెప్పిన వరం ఫలించదనేది, ఏ నోము కథలో ఉంది అని మీరు అడగొచ్చు. నేనూ వెతికా. అక్షరాలొచ్చాక నోముల పుస్తకం కూడబలుక్కుంటా ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా చదివా. ఎక్కడా లేదు. హైమవతమ్మ అత్తగారు ఈమె కాపరానికి రాకముందే పోయిందని ఆ వీధివాళ్ళు చెప్పారు. నాంచారమ్మకి ఆ మాట నేను చెప్పలా, మీరూ చెప్పబాకండి. పోయిన నెల చేపలు కట్టించుకుంటా అడిగా, "అమ్మాయ్, ఆ రోజు మనసులో ఏం అడిగావే? సందు నిలబెట్టమనేనా?" అని. వక్క దవడకి నెట్టి, అటూ ఇటూ చూసి చెప్పింది. "లేదు పెద్దమ్మా. ఆమె మొహం చూస్తే సందు అడగబుద్ధి కాలా. ఎట్టాగూ మాట తప్పి సందు కోసం చెయ్యెత్తుదామని అప్పుడే అనుకున్నా. ఆ తప్పు దోషం నాకే తగలాలి గానీ, ఆమె పసుపు కుంకుమలకి తగలకూడదు తల్లీ అని అడిగా" అన్నది. అని, నా కట్టలో ఇంకో రెండు చేపలు వేసింది. ఒకత్తె లేని రూలు పుట్టించింది, ఇంకొకత్తె తన కోసం ఏమీ అడగలా. లక్ష్మీదేవి ఆ రోజు ఎవరి ఇంట్లో ఉందో నాకైతే తెలవదు. చేపలు మాత్రం ఇంటికి తెచ్చి పులుసు పెట్టా. కొంచెం ఉప్పెక్కువైంది.